గాలితో వెలిగిన దీపం

గాలిలో పెట్టిన దీపం నిలవదని తెలుగువారి నానుడి. ఆధారం లేని బతుకును, భరోసా లేని ప్రయత్నాన్ని గాలిలో దీపంతో పోల్చడం మనకు అనాదిగా అలవాటు. దీపాన్ని ఆర్పడమే గాలి స్వభావమని లోకం భావించింది. అటువంటి గాలిని పట్టి, ఆ గాలితోనే దీపాన్ని వెలిగించిన శాస్త్రవేత్త ఒకడున్నాడు. ఆ వెలుగును పట్టణాలలోని సంపన్నుల మేడలకు మాత్రమే పరిమితం చేయక, పల్లెలలోని రైతుల ఇళ్లకు చేర్చాలని ఆయన తన జీవితాన్ని ధారపోశాడు. ఆయనే డెన్మార్క్ దేశానికి చెందిన పౌల్ లా కూర్. పవన విద్యుత్తు చరిత్రలో తొలితరం మహనీయులను పేర్కొనేటప్పుడు మొదట స్మరింపదగిన పేర్లలో ఆయన పేరు ఒకటి.

పౌల్ లా కూర్ 1846 ఏప్రిల్ 13వ తేదీన జట్లాండ్ ద్వీపకల్పపు తూర్పు తీరంలో, ఎబెల్టాఫ్ట్ పట్టణానికి సమీపంలో ఒక వ్యవసాయ కుటుంబంలో జన్మించాడు. డెన్మార్క్ చిన్న దేశం. ఎత్తైన పర్వతాలు లేవు, జలపాతాలు లేవు, చెప్పుకోదగిన బొగ్గు గనులు లేవు. ఉన్నదల్లా సముద్రం, పచ్చని పొలాలు, ఏడాది పొడవునా వీచే గాలి. బాల్యంలో ఆయన చూచిన ప్రకృతి ఇదే. కోపెన్‌హేగన్ విశ్వవిద్యాలయంలో చదివి, 1869లో వాతావరణశాస్త్రంలో ఉన్నత పట్టాను పొందాడు. గాలి ఎందుకు వీస్తుంది, ఎటు వీస్తుంది, ఎంత వేగంతో వీస్తుంది అన్న ప్రశ్నలు ఆయన విద్యాభ్యాసంలో భాగమయ్యాయి. ఆ గాలే ఒకనాడు తన జీవితకృషికి ముడిసరుకు కాగలదని అప్పటికి ఆయన ఊహించి ఉండడు.

1872లో డెన్మార్క్ ప్రభుత్వం వాతావరణ పరిశోధన సంస్థను నెలకొల్పింది. ఇరవై ఆరేళ్ల లా కూర్ ఆ సంస్థకు ఉపాధ్యక్షుడయ్యాడు. వాతావరణ సమాచారం దూరప్రాంతాలనుండి తంతి ద్వారా చేరవలసి ఉండటంతో ఆయన దృష్టి టెలిగ్రాఫు వైపు మళ్లింది. ఒకే తీగపై ఒకేసారి పెక్కు సందేశాలను పంపడానికి ఆయన ఒక ఉపాయం కనుగొన్నాడు. ఒక్కొక్క సందేశానికి ఒక్కొక్క శ్రుతిదండాన్ని ఉపయోగిస్తే, పంపినచోట మోగిన శ్రుతికి సరిపోయే దండం మాత్రమే అందుకొన్నచోట స్పందిస్తుంది. అమెరికాలో ఎలైషా గ్రే అనే శాస్త్రవేత్త కూడా అదే కాలంలో అటువంటి పద్ధతిని రూపొందించడంతో ఎవరు ముందు అన్న వివాదం తలెత్తింది. శ్రుతిదండపు కంపనాలకు అనుగుణంగా ఒకే వేగంతో తిరిగే ధ్వనిచక్రం కూడా లా కూర్ సృష్టించినదే. ఈ పరిశోధనల కారణంగా ఆయన పేరు దేశదేశాలకు పాకింది. రాజధానిలో పదవి, విజ్ఞానలోకంలో గుర్తింపు, ముందు ఉజ్జ్వల భవిష్యత్తు - ఇవన్నీ ముప్పైయేళ్ల వయసుకే ఆయనకు సమకూరాయి.

అటువంటి స్థితిలో 1878లో లా కూర్ తీసుకొన్న నిర్ణయం అసాధారణమైనది. ఆయన కోపెన్‌హేగన్‌లోని పదవిని విడిచి, భార్య హుల్డాతో, పిల్లలతో జట్లాండ్‌లోని ఆస్కోవ్ అనే పల్లెకు తరలిపోయాడు. అక్కడి ప్రజా విద్యాలయంలో సామాన్య ఉపాధ్యాయుడుగా చేరాడు. ఈ ప్రజా విద్యాలయాల వెనుక ఒక మహత్తరమైన ఆశయం ఉంది. కవి, మతాచార్యుడు అయిన గ్రుంట్‌విగ్ బోధనల ప్రభావంతో డెన్మార్క్‌లో రైతు యువకుల కోసం ఈ విద్యాలయాలు వెలిశాయి. 1864లో జరిగిన యుద్ధంలో ఆ దేశం దక్షిణాన ఉన్న విశాల భూభాగాన్ని కోల్పోయింది. పోయిన నేలలోనే రోడింగ్ విద్యాలయం ఉండిపోయింది. దాని అధ్యక్షుడు లుడ్విగ్ ష్రోడర్ 1865లో కొత్త సరిహద్దుకు ఈవల, ఆస్కోవ్‌లో విద్యాలయాన్ని ప్రారంభించాడు. బయట పోగొట్టుకొన్నదానిని లోపల సాధించుకోవాలన్న పట్టుదల ఆ నాటి డెన్మార్క్ ప్రజలలో బలంగా ఉండేది. ఆ పట్టుదలకు ఆస్కోవ్ ఒక కేంద్రమైంది.

ఆ విద్యాలయాలలో చేరే విద్యార్థులు పట్టాల కోసం రారు. అక్కడ మార్కులకోసం పోటీ లేదు. పొలం పనులు చేసుకొనే యువతీ యువకులు కొన్ని నెలలపాటు అక్కడే నివసించి, చరిత్రను, సాహిత్యాన్ని, శాస్త్రాన్ని నేర్చుకొని, తిరిగి తమ ఊళ్లకు వెళ్లేవారు. లా కూర్ వారికి గణితాన్నీ భౌతికశాస్త్రాన్నీ బోధించాడు. సూత్రాలను ముందు చెప్పి, వాటిని వల్లె వేయించే పద్ధతి ఆయనకు నచ్చలేదు. మానవుడు ఆయా సత్యాలను ఏ అవసరం కలిగి, ఏ క్రమంలో, ఎన్ని పొరపాట్లు చేసి కనుగొన్నాడో ఆ క్రమంలోనే ఆయన పాఠం సాగేది. గణితాన్ని చరిత్రగా చెబుతూ 1881లో ఒక గ్రంథాన్ని వెలువరించాడు. 1890లో ఆస్కోవ్‌కు వచ్చిన యువ ఉపాధ్యాయుడు జాకబ్ అపెల్‌తో కలిసి, తరువాత భౌతికశాస్త్రాన్ని కూడా అదే రీతిలో రచించాడు. ఈ అపెల్ అనంతర కాలంలో ఆ విద్యాలయానికి అధ్యక్షుడై, దేశానికి విద్యాశాఖ మంత్రి కూడా అయ్యాడు.

పల్లెలో స్థిరపడిన తరువాత లా కూర్‌ను ఒక సమస్య నిరంతరం వేధించింది. పందొమ్మిదవ శతాబ్దం చివరి దశకాలలో విద్యుత్తు ఐరోపా పట్టణాలలో ప్రవేశించింది. ఆవిరియంత్రాలతో డైనమోలను తిప్పి, వీధులను, కర్మాగారాలను వెలుగుతో నింపసాగారు. కాని ఆ యంత్రాలకు బొగ్గు కావాలి. బొగ్గు విదేశాలనుండి రావాలి. పల్లెటూరి రైతుకు అది అందుబాటులో లేని సంపద. వెలుగూ యంత్రశక్తీ పట్టణాలకే పరిమితమైతే పనులన్నీ అక్కడికే పోతాయి. పనుల వెంట పల్లె యువకులు కూడా తరలిపోతారు. తాను పాఠాలు చెప్పి పంపుతున్న విద్యార్థుల ఊళ్లే క్రమంగా ఖాళీ అయిపోతాయి. విజ్ఞానం పల్లెకు శక్తిని ఇవ్వలేనప్పుడు, పల్లెలో చెప్పే విజ్ఞానపాఠానికి సార్థకత ఏమిటన్నది ఆయన ముందు నిలిచిన ప్రశ్న.

దానికి సమాధానం ఆయన కిటికీ అవతలే ఉంది. డెన్మార్క్ పల్లెలలో ధాన్యం విసరడానికి గాలిమరలు వందల యేళ్లుగా తిరుగుతూనే ఉన్నాయి. గాలికి ఎవరూ వెల చెల్లించనక్కరలేదు. పట్టణంకంటె పల్లెలోనే అది ధారాళంగా లభిస్తుంది. అయితే గాలిమరతో పిండి విసరడం వేరు, విద్యుత్తును పుట్టించడం వేరు. అంతకుముందే 1887లో స్కాట్లాండ్‌లో జేమ్స్ బ్లైత్, ఆ తరువాత కొద్దికాలానికే అమెరికాలో చార్లెస్ బ్రష్ తమ ఇళ్ల ఆవరణలలో గాలిమరలను నిర్మించి, స్వగృహాలకు విద్యుద్దీపాలను అమర్చుకొన్నారు. అవి గొప్ప ప్రయత్నాలే. కాని లా కూర్ కోరినది ఒక ఇంటి వెలుగు కాదు. ఏ సామాన్య గ్రామమైనా భరించగల ఖర్చుతో, ఏ గ్రామ పనివాడైనా నడపగల యంత్రం ఆయనకు కావలసివచ్చింది.

ఆయన ప్రభుత్వాన్ని అభ్యర్థించి ఆర్థిక సహాయం పొందాడు. 1891లో ఆస్కోవ్ విద్యాలయపు ఆవరణలో ప్రయోగాత్మక గాలిమర లేచింది. ష్రోడర్ ఆ ప్రయత్నానికి తన విద్యాలయంలో చోటు ఇచ్చాడు. అపెల్ వంటి సహోపాధ్యాయులు తోడుగా నిలిచారు. గాలిమరల నిర్మాణంలో ఆరితేరిన వృత్తినిపుణుల అనుభవాన్ని లా కూర్ ఆదరంతో స్వీకరించాడు. శాస్త్రవేత్తకు లెక్క తెలుసు. కొయ్య ఎక్కడ వంగుతుందో, ఇరుసు ఎక్కడ అరుగుతుందో పనివాడికి తెలుసు. ఆ రెండు జ్ఞానాల కలయికతోనే ఆ గాలిమర నిలబడింది. పాత గాలిమరలవలెనే దానికీ నాలుగు పెద్ద రెక్కలు. కిందనున్న గదిలో మాత్రం తిరగలికి బదులు డైనమో.

నిర్మాణం ముగియగానే అసలు కష్టాలు మొదలయ్యాయి. మొదటి కష్టం గాలి చంచలత్వం. గాలి ఒక క్షణం మందంగా, మరుక్షణం ఉద్ధృతంగా వీస్తుంది. గాలి వేగం రెట్టింపైతే దానిలోని శక్తి ఎనిమిది రెట్లవుతుంది. తిరగలికి ఆ ఒడుదొడుకులు పట్టవు. డైనమోకు మాత్రం నిలకడైన వేగం ఉండాలి. లేకపోతే దీపాలు ఒకసారి మిణుకుమిణుకుమని, మరొకసారి భగ్గున వెలిగి మాడిపోతాయి. దీనికి లా కూర్ క్రాటోస్టాట్ అనే సాధనాన్ని కల్పించాడు. ఆ ఆలోచనను తరువాత మరింత సులభమైన రూపానికి తెచ్చాడు. గాలిమరకూ డైనమోకూ నడుమనున్న ఇరుసును ఊగే చట్రంపై అమర్చి, దానికి ఒక బరువును వేలాడదీశాడు. గాలి వడి మితిమీరినప్పుడు చట్రం వంగి, పట్టా వదులై జారుతుంది. మిగులు బలం డైనమోకు చేరదు. ఖరీదైన యంత్రభాగాలేవీ అక్కరలేదు. ఊరి వడ్రంగి, కమ్మరి కలిసి చేయగల పని అది.

రెండవ కష్టం ఇంకా పెద్దది. దీపం కావలసిన రాత్రి గాలి వీయకపోవచ్చు. గాలి వీచిన పగటివేళ దీపంతో పని ఉండకపోవచ్చు. శక్తిని దాచుకోవాలి. ఆనాటి బ్యాటరీలు ఎంతో ఖరీదైనవి. అందువల్ల లా కూర్ వేరొక మార్గాన్ని ఎన్నుకొన్నాడు. విద్యుత్తును నీటిలోనికి పంపితే నీరు హైడ్రోజన్, ఆక్సిజన్ అనే రెండు వాయువులుగా విడిపోతుంది. ఆ హైడ్రోజన్‌ను నిలువచేసి, అవసరమైనప్పుడు దీపాలలో మండించవచ్చు. ఈ విద్యలో నేర్పరియైన ఇటలీ శాస్త్రవేత్త పాంపియో గారుటి పద్ధతిని ఆయన గ్రహించి, ఆస్కోవ్‌లో అమలుపరిచాడు. పన్నెండు ఘనపు మీటర్ల తొట్టిలో గాలి సంపాదన వాయువురూపంలో నిలువ ఉండేది. పగలు వీచిన గాలి రాత్రి వెలుగుగా మారేది.

ఈ ప్రయోగం సుఖంగా సాగలేదు. హైడ్రోజన్‌లో స్వల్పంగా ఆక్సిజన్ కలిసినా ఆ మిశ్రమం పేలుతుంది. ఆస్కోవ్‌లో అటువంటి పేలుళ్లు సంభవించాయి. విద్యాలయ భవనాల కిటికీ అద్దాలు పగిలి, ఒకసారి కాదు, అనేక పర్యాయాలు వాటిని మార్చవలసివచ్చింది. మరొకరైతే ఆ ప్రయత్నాన్ని అంతటితో విరమించేవారే. విద్యాలయం ఆయనను వారించలేదు. ఆయన లోపాన్ని వెదకి సరిచేస్తూ పోయాడు. ఫలితంగా 1895నుండి 1902వరకు ఆస్కోవ్ విద్యాలయం గాలిమర పుట్టించిన హైడ్రోజన్ దీపాలతోనే వెలిగింది. ఆ ఏడేళ్లలో గాలి లేదన్న కారణంతో విద్యాలయం చీకటిలో ఉండవలసిన రోజు రాలేదు. అయినా ఈ పద్ధతి సామాన్య గ్రామానికి తగినది కాదని అనుభవం నేర్పింది. వాయువుల నిలువలో ప్రమాదం ఉంది. ఏళ్ల తరబడి శ్రమించి సాధించిన పద్ధతిని, అది ప్రజలకు ఉపయోగపడదని తెలిసినప్పుడు పక్కన పెట్టగలగడం గొప్ప మనస్సుకే సాధ్యం. లా కూర్ బ్యాటరీల వైపు మళ్లాడు.

ఈ కాలంలోనే గాలిమర రెక్కలపై ఆయన లోతైన పరిశోధనలు సాగించాడు. గాలిమరలను కట్టేవారు తాతలనాటి కొలతలనే అనుసరించేవారు. ఏ ఆకృతి ఎందుకు మంచిదో ఎవరూ ప్రయోగపూర్వకంగా నిరూపించలేదని ఆయన గమనించాడు. గొట్టంలోనుండి గాలిని నిలకడగా ప్రవహింపజేసి, దాని ఎదుట చిన్న నమూనా రెక్కలను ఉంచి, ఒక్కొక్క దానిపై కలిగే బలాన్ని కొలిచాడు. విమానం ఇంకా పుట్టని రోజులవి. రెక్కల సంఖ్యను పెంచినంత మాత్రాన శక్తి పెరగదని, కొద్ది రెక్కలతో వేగంగా తిరిగే గాలిమరే విద్యుత్తుకు అనువైనదని ఆయన తేల్చాడు. చదునుగా ఉన్న రెక్కకంటె కొంచెం వంపు తిరిగిన రెక్క మేలని కూడా గుర్తించాడు. 1897లో ఆస్కోవ్‌లో మరింత పెద్ద గాలిమర వెలసింది. తన ప్రయోగఫలితాలన్నింటిని ఆయన గ్రంథరూపంలో ప్రకటించి, వాటిని ఎవరైనా ఉపయోగించుకొనే అవకాశం కలిగించాడు.

1902లో ఆస్కోవ్ గాలిమర బ్యాటరీల సాయంతో గ్రామానికి విద్యుత్తును అందించే కేంద్రంగా రూపొందింది. దానిని చూచి ఇతర గ్రామాలు ఉత్సాహపడ్డాయి. అప్పటికే డెన్మార్క్ రైతులకు కలిసి పనిచేయడం కొత్త కాదు. 1882లో హెడింగ్ గ్రామంలో తొలి సహకార పాలకేంద్రం ఏర్పడినది మొదలు, రైతులు తలా కొంత మొత్తం వేసుకొని ఉమ్మడి సంస్థలను నడపడం నేర్చుకొన్నారు. పాలను ఉమ్మడిగా అమ్ముకొన్నవారికి వెలుగును ఉమ్మడిగా పుట్టించుకోవడం అసాధ్యంగా తోచలేదు. వారికి మార్గం చూపడానికి 1903లో పవన విద్యుత్తు సంఘం ఒకటి ఏర్పడింది. దానికి ప్రాణం లా కూర్. పవన విద్యుత్తుకు ప్రత్యేకించిన పత్రికను కూడా ఆయన వెలువరించాడు.

ఆయన చేసిన పనులన్నింటిలో దీర్ఘకాలం ఫలించినది మరొకటి. యంత్రాన్ని ఊరికి ఇస్తే చాలదని, దానిని బాగుచేయగల మనిషిని కూడా ఊరికి ఇవ్వాలని ఆయన గ్రహించాడు. పట్టణంనుండి నిపుణుడు వచ్చేవరకు ఆగిపోయే యంత్రం గ్రామానికి సొంతం కాదు. అందుకే 1904లో గ్రామీణ విద్యుత్ పనివారికోసం ఆస్కోవ్‌లో శిక్షణ ప్రారంభించాడు. రైతుల బిడ్డలు, కమ్మరులు, వడ్రంగులు అక్కడికి వచ్చి, డైనమో ఎలా పనిచేస్తుందో, తీగలు ఎలా లాగాలో, గాలిమరను ఎలా నిలబెట్టి కాపాడుకోవాలో నేర్చుకొన్నారు. వారు తమ ఊళ్లకు వెళ్లి, ఇరుగుపొరుగుల సహాయంతో విద్యుత్కేంద్రాలను నెలకొల్పారు.

ఆ కృషి పూర్తిగా వికసించకముందే, 1908 ఏప్రిల్ 24వ తేదీన, అరవై రెండేళ్ల వయసులో లా కూర్ కన్నుమూశాడు. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో విదేశీ ఇంధనం కరవైనప్పుడు ఆయన చూపిన మార్గం దేశాన్ని ఆదుకొంది. 1918 నాటికి డెన్మార్క్‌లో సుమారు 120 స్థానిక విద్యుత్కేంద్రాలు గాలిమరలను వాడుకొంటున్నాయి. యుద్ధం ముగిసి ఇంధనం చౌక కావడంతో పరిస్థితి మారింది. పెద్ద విద్యుత్కేంద్రాలనుండి తీగలు పల్లెలకు పాకాయి. గాలిమరలు ఒక్కొక్కటిగా నిలిచిపోయాయి. లా కూర్ జీవితకృషి కాలగర్భంలో కలిసిపోయిందని అనిపించే రోజులు వచ్చాయి.

కాని ఆయన నాటిన విత్తనం మనుషులలో ఉంది. 1904లో ఆస్కోవ్ శిక్షణకు వచ్చిన విద్యార్థులలో యోహానెస్ యూల్ అనే యువకుడు ఒకడు. విద్యుత్ ఉద్యోగంలో జీవితం గడిపిన యూల్, అరవై యేళ్లు దాటిన వయసులో తన గురువు పాఠాన్ని మళ్లీ చేతికెత్తుకొన్నాడు. 1957లో ఆయన గెడ్సర్ వద్ద మూడు రెక్కలతో 200 కిలోవాట్ల గాలిమరను నెలకొల్పాడు. అది పదేళ్లకు పైగా పనిచేసి, ఆధునిక పవన విద్యుత్ యంత్రాలకు ఒరవడి అయింది. 1973లో చమురు సంక్షోభం వచ్చినప్పుడు ప్రపంచం గెడ్సర్ వైపు చూచింది. ఉల్ఫ్‌బోర్గ్ సమీపంలోని ట్విండ్ విద్యాలయాలలో ఉపాధ్యాయులు, విద్యార్థులు, స్వచ్ఛందంగా వచ్చిన ఎందరో కలిసి, 1975నుండి 1978వరకు శ్రమించి, యాభై మీటర్లకు మించిన ఎత్తున్న కాంక్రీటు స్తంభంతో ఒక మహాయంత్రాన్ని నిర్మించారు. పాఠశాల ఆవరణలో పదిమంది చేతులతో గాలిమర లేవడం డెన్మార్క్‌లో అదే మొదటిసారి కాదు. దానికి ఎనిమిది దశాబ్దాలకు ముందే ఆస్కోవ్ ఆ దారి చూపింది.

2023 నాటికి డెన్మార్క్‌లో ఉత్పత్తి అయ్యే విద్యుత్తులో సగానికి పైగా గాలినుండే లభించింది. మన ఆంధ్రప్రదేశ్‌లోనూ రామగిరి కొండలపై 1990ల దశకంలోనే పవన విద్యుత్ యంత్రాలు వెలిశాయి. కరవుసీమలో వీచే గాలి కూడా సంపదేనని అవి చాటాయి. ఆ తెల్లని రెక్కలు తిరిగే ప్రతి చోటా పౌల్ లా కూర్ కృషి కొంత ఉంది. రాజధానిలో కీర్తిని వదులుకొని పల్లెబడిలో పాఠాలు చెప్పిన ఆయన, విజ్ఞానం పదిమందికి చేరినప్పుడే అది నిలుస్తుందని తన జీవితంతో నిరూపించాడు. ఆయన నిలిపిన యంత్రాలు శిథిలమయ్యాయి. ఆయన నేర్పిన విద్య మాత్రం చేతినుండి చేతికి అందుతూ, గాలికి ఆరని దీపమై నిలిచింది.